విశాఖ కేసు మన ఊరిది కాదు

లా కాలేజీ వైవాలో ఒక అమ్మాయిని అడిగాను, "విశాఖ కేసు గురించి చెప్పమ్మా" అని. తడుముకోకుండా చెప్పింది. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులు, సుప్రీంకోర్టు, 1997, మార్గదర్శక సూత్రాలు. బాగుంది. "ఎక్కడి కేసు?" అన్నాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, "ఇక్కడిదే కదా మేడమ్, విశాఖపట్నం" అంది.

నవ్వు ఆపుకొన్నాను. ఆ రోజు అదే జవాబు చెప్పిన మూడో మనిషి ఆమె. విశాఖ అన్నది రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. బాల్యవివాహాన్ని అడ్డుకోబోయిన భన్వరీదేవి అనే గ్రామ కార్యకర్తపై 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆ నేపథ్యంలో ఈ సంస్థా మరికొందరూ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 1997 ఆగస్టు 13న తీర్పు వచ్చింది. మన ఊరికీ ఆ కేసుకూ పేరులో తప్ప చుట్టరికం లేదు.

అసలు చిక్కు నా తర్వాతి ప్రశ్నతో వచ్చింది. ఆ తీర్పుకు నెల రోజుల పైచిలుకు ముందు, 1997 జూలై 11న, అదే సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. అది ముమ్మాటికీ మన కేసు. అప్పటి విశాఖ జిల్లాలోని అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో గనుల లీజులను సమత అనే సంస్థ సవాలు చేసింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు వ్యక్తి ఎంత గిరిజనేతరుడో ప్రభుత్వం కూడా ఒక రకంగా అంతేనని, తన భూమి అయినా సరే గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు తేల్చారు. దేశంలో గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు గురించి ఎవరు మాట్లాడినా ఈ కేసు ఎత్తకుండా ఉండరు. "మరి సమత కేసు?" అని అడిగితే ఆ అమ్మాయి తల దించుకుంది. ఆమెది పాడేరు దగ్గర పల్లె.

ఈ ముచ్చట చెబితే వెంటనే వినిపించే మాట, "అయితే సిలబస్ మార్చాలి" అని. ఐదో షెడ్యూలు రాజ్యాంగం పేపర్లో ఉంది. గిరిజన ప్రాంతాల్లో భూమి చేతులు మారడాన్ని కట్టడి చేసే 1/70 చట్టం భూచట్టాల పేపర్లో ఉంది. ఆ అమ్మాయి రెండు పేపర్లూ పాసైంది. సిలబస్‌లో లేక కాదు, ఉండి కూడా ఆమెకు చేరలేదు. అందుకే ముందు సిలబస్‌నూ పాఠ్య ప్రణాళికనూ విడదీసి చూడాలి. మన చర్చల్లో సగం గందరగోళం ఈ రెండిటినీ ఒకటే అనుకోవడం వల్ల పుట్టింది.

సిలబస్ అంటే పాఠాల జాబితా. పాఠ్య ప్రణాళిక దానికన్నా చాలా పెద్దది. పుస్తకం, దాన్ని చెప్పే భాష, చెప్పే మనిషికి ఇచ్చిన శిక్షణ, వారానికి ఎన్ని పీరియడ్లు, చివరికి పరీక్షలో ఏం అడుగుతారు, అన్నీ అందులో భాగమే. జాబితా మార్చడం చాలా చవక. ఒక సర్క్యులర్ చాలు. మిగతావి ఖరీదైన పనులు. కాబట్టే మన దగ్గర సంస్కరణ అన్నప్పుడల్లా జాబితా మారుతుంది, మిగతాది ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది.

పైగా ఈ భాగాలన్నీ ఒకరి చేతిలో లేవు. బడి సంగతి చూడండి. విద్య ఒకప్పుడు రాష్ట్రాల జాబితాలో ఉండేది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. ఢిల్లీలోని ఎన్‌సీఈఆర్‌టీ జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రాన్ని తయారు చేస్తుంది. 1975, 1988, 2000, 2005లలో అలాంటివి వచ్చాయి. జాతీయ విద్యావిధానం 2020 తర్వాత బడి చదువుకు 2023లో కొత్తది వచ్చింది. అయితే చట్రం అంటే ఆజ్ఞ కాదు. రాష్ట్రంలో దాన్ని పుస్తకంగా మార్చే పని ఎస్‌సీఈఆర్‌టీది. పదో తరగతి పరీక్ష పెట్టేది ఇంకో విభాగం. పుస్తకం రాసినవారు "ఆలోచించండి, చర్చించండి" అని పెట్టెలు కట్టి మరీ రాస్తారు. పరీక్ష పెట్టేవారు ఆ పెట్టెల జోలికి వెళ్లరు. బడి పంతులు తెలివైనవాడు, పరీక్షలో రానిదాన్ని ముట్టుకోడు.

లా కాలేజీల తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంది. 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద, విశ్వవిద్యాలయాలను సంప్రదించి న్యాయవిద్యకు ప్రమాణాలు నిర్ణయించే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాది. 2008 నాటి న్యాయవిద్య నిబంధనల్లో ఏ పేపర్లు తప్పనిసరో, ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలో అన్నీ రాసి ఉన్నాయి. మూడేళ్ల ఎల్ఎల్‌బీకి కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సుకు 20 వారాలు. ఆ గీతల లోపల ఏ పేపర్లో ఏ అధ్యాయం ఉండాలో విశ్వవిద్యాలయంలోని బోర్డ్ ఆఫ్ స్టడీస్ చూసుకుంటుంది. మన చుట్టుపక్కలే చూస్తే, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ న్యాయ కళాశాల ఉంది, ఇవి కాక ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. ప్రవేశ పరీక్ష ఒకదానికి క్లాట్, మిగతావాటికి లాసెట్. పిల్లలు వేరు, ఫీజులు వేరు, భాష వేరు. అందరికీ వర్తించే నిబంధనల పుస్తకం మాత్రం ఒక్కటే. (జిల్లాలు విడిపోయాక సబ్బవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. ఊళ్లో జనానికి అది ఇప్పటికీ వైజాగ్ లా యూనివర్సిటీయే.)

ఇన్ని చేతుల మధ్య పాఠ్య ప్రణాళికను నిజంగా నడిపేది ఎవరు? నన్నడిగితే ప్రశ్నపత్రం అంటాను. పైనున్న కమిటీలన్నీ ఎంత రాసినా, విద్యార్థి చదివేది మార్చిలో ఏం అడుగుతారో దాన్నే.

మా మేనకోడలు మద్దిలపాలెంలో పదో తరగతి చదివిన ఏడు జరిగిన సంగతి. 2014లో వచ్చిన సాంఘిక శాస్త్రం పుస్తకం అది. చిట్టచివరి అధ్యాయంలో సమాచార హక్కు చట్టం, న్యాయ సేవల సంస్థలు, లోక్ అదాలత్ ఉండేవి. చాలా మంచి అధ్యాయం. మా పిల్ల ఆ పాఠం వల్లె వేస్తోంది. వాళ్ల వీధిలో కాలువ కోసం సగం తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది, నాలుగు నెలలుగా దాన్ని దాటుకునే బడికి వెళ్తోంది. "ఆ కాలువ పని ఎవరికి ఇచ్చారు, ఎప్పటికి పూర్తి కావాలి అని మీ నాన్న పేరుతో ఒక దరఖాస్తు రాయి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి" అన్నాను. పుస్తకం మూసి, కలం తీసి, బుద్ధిగా అడిగింది: "ఎన్ని మార్కులకు రాయాలి అత్తా?"

దాని తప్పేమీ లేదు. పదేళ్ల చదువు దానికి నేర్పింది ఆ లెక్కే. రెండు మార్కులైతే రెండు వాక్యాలు, నాలుగైతే ఐదారు పాయింట్లు. చట్టం ఒక పనిముట్టు అన్న సంగతి ఆ లెక్కలో ఎక్కడా ఇమడదు. అదే అధ్యాయంలో ఉచిత న్యాయసహాయానికి అర్హులెవరో కూడా ఉంటుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ హక్కు ఉంది. అంటే ఆ పాఠం బట్టీపడుతున్న పిల్ల స్వయంగా అర్హురాలు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. 2024–25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి, ఆ అధ్యాయం పాత పుస్తకంతోనే పోయింది. పోయినందుకు నాకు బాధే. కానీ ఉన్నన్నాళ్లూ అది రెండు మార్కుల ప్రశ్నగానే బతికిందని కూడా ఒప్పుకోవాలి.

లా కాలేజీకి వచ్చేసరికి ఇదే జబ్బు ముదురుతుంది. 2008 నిబంధనలు రాసినవారికి ఆచరణ అవసరం తెలియదని అనలేం. డ్రాఫ్టింగ్ పేపర్లో దావాలు, అర్జీల వంటివి 15, దస్తావేజులు 15, మొత్తం 30 అభ్యాసాలు చేయాలని, ఒక్కోదానికి మూడు మార్కులని, మిగిలిన పది మార్కులు వైవాకని లెక్కగా రాశారు. మూట్ కోర్టు (నమూనా కోర్టు) పేపర్లో రెండు కేసుల విచారణ స్వయంగా చూసి రాయాలి, న్యాయవాది ఆఫీసులో కక్షిదారులతో మాట్లాడటం గమనించి డైరీ రాయాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి పేపర్లు ఉండవు.

మరి జరిగేది? ఒక కాలేజీలో నాకు రికార్డులు దిద్దమని కట్ట ఇచ్చారు. ముప్పై రికార్డుల్లో ముప్పైమంది వాదులూ ఒకే మనిషి మీద ప్రామిసరీ నోటు దావా వేశారు. అప్పు మొత్తం ఒకటే, వడ్డీ ఒకటే. ఒక రికార్డులో అయితే నోటు తేదీ ఆ కుర్రవాడు ఇంకా హైస్కూల్లో ఉన్న నాటిది. సీనియర్ల రికార్డు నుంచి వీళ్లు, వాళ్ల సీనియర్ల నుంచి వాళ్లు దించుకుంటూ వచ్చారు. బాకీ వసూలుకు మూడేళ్ల కాలపరిమితి ఉందన్న పాఠం ఇంకో పేపర్లో ఉంది కాబట్టి, ఆ దావా ఎప్పుడో కాలం చెల్లిపోయిందని ఎవరికీ తట్టలేదు. అట్టలు మాత్రం చూడముచ్చటగా వేశారు, మీద బంగారు రంగు అక్షరాలు.

జాబితా మార్చినంత మాత్రాన ఏమవుతుందో చూడాలంటే 2024 కన్నా మంచి ఉదాహరణ లేదు. ఆ ఏడాది జూలై 1న పాత శిక్షాస్మృతి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. అదే విద్యాసంవత్సరం నుంచి వాటిని బోధించాలని బార్ కౌన్సిల్ ముందే సర్క్యులర్ పంపింది. సిలబస్ రాత్రికి రాత్రి మారింది. తరగతి గదిలో అది ఏ రూపం తీసుకుంది? రెండు వరుసల పట్టీగా. హత్యకు 302 ఇప్పుడు 103. మోసానికి 420 ఇప్పుడు 318లో నాలుగో ఉపసెక్షన్. ముందస్తు బెయిలు 438 కాదు, 482. పిల్లలు ఎక్కాల్లా అప్పజెబుతున్నారు.

ఈ పట్టీలో ఒక తమాషా ఉంది. పదో తరగతి పరీక్షలు రాగానే "కేంద్రాల వద్ద 144 సెక్షన్" అని వినడం మనకు అలవాటు. జిరాక్సు దుకాణాలు మూసేస్తారు, నలుగురు గుమిగూడకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆ నిషేధాజ్ఞలది 144వ సెక్షన్. కొత్త చట్టంలో అవి 163కు వెళ్లాయి. మరి కొత్త 144లో ఏముంది? భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు భరణం, అంటే పాత 125. కాబట్టి ఇప్పుడు ఎవరైనా "పరీక్షా కేంద్రం దగ్గర 144 పెట్టారు" అంటే, చట్టం ప్రకారం అక్కడ మనోవర్తి కేసు నడుస్తోందని అర్థం. ఇక "వాడో ఫోర్ ట్వంటీ" అన్న తిట్టును 318కి మార్చడం ఏ పార్లమెంటు తరమూ కాదు.

తమాషా అలా ఉంచితే, అంకెల పట్టీ దాచిపెట్టే విషయాలు రెండున్నాయి. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి వర్తించేది పాత శిక్షాస్మృతే. ఆ కేసులు ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి, కాబట్టి ఇప్పుడు చదివే పిల్లలకు పాతదీ రావాలి, కొత్తదీ రావాలి. రెండోది, ఒక సెక్షన్ అంకె మారిందా, లోపలి మాటలు కూడా మారాయా అని పక్కపక్కన పెట్టి చదివే అలవాటు. చట్టం చదవడమంటే అదే. ఆ పని తరగతిలో ఒక్క గంట చేయిస్తే పట్టీ మొత్తం బట్టీ పట్టినదాని కన్నా ఎక్కువ వస్తుంది. పరీక్షలో మాత్రం "103వ సెక్షన్‌ను వివరించుము" అని అడిగితే ఆ గంట వృథా అనిపిస్తుంది.

నేల విడిచి సాము చేయకుండా పాఠం ఎలా చెప్పవచ్చో ఈ ఊళ్లో చూపించడం కష్టం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంత తాను కేసు చేపట్టి, ప్రాథమికంగా 50 కోట్ల రూపాయలు జమ చేయమని కంపెనీని ఆదేశించింది. ఆ ఉత్తర్వులో "స్ట్రిక్ట్ లయబిలిటీ" సూత్రం వర్తిస్తుందని రాసింది.

టార్ట్స్, అంటే ఒకరు చేసిన నష్టానికి ఇంకొకరికి పరిహారం ఇప్పించే చట్టం పేపరు చెప్పే ఏ మాస్టారికైనా ఇక్కడ ఆగాలనిపిస్తుంది. స్ట్రిక్ట్ లయబిలిటీ అన్నది ఇంగ్లండులో 1868లో రైలాండ్స్, ఫ్లెచర్ కేసు నుంచి వచ్చిన సూత్రం. ఒకాయన కట్టించుకున్న జలాశయం నీళ్లు పక్కాయన బొగ్గు గనిలోకి పోయాయి. ప్రమాదకరమైనదాన్ని తన నేల మీద పెట్టుకున్నవాడు, తప్పు తనది కాకపోయినా, అది దాటిపోయి చేసిన నష్టానికి బాధ్యుడు. కానీ తప్పించుకునే దారులు ఉన్నాయి: దైవఘటన అనవచ్చు, మూడోవాడి పని అనవచ్చు. ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారం నుంచి 1985 డిసెంబరులో ఓలియం వాయువు లీకైన కేసులో మన సుప్రీంకోర్టు ఆ దారులన్నీ మూసేసింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడికి ఏ మినహాయింపూ లేదంది. దాని పేరు అబ్సల్యూట్ లయబిలిటీ, సంపూర్ణ బాధ్యత. మరి వెంకటాపురానికి ట్రిబ్యునల్ పాత మాట ఎందుకు వాడింది? మాట తేడాయేనా, ఫలితం కూడా మారుతుందా? దేశంలోని న్యాయ పండితులు అప్పట్లో దీనిపై గట్టిగానే చర్చించారు.

ఈ ఒక్క ఉత్తర్వును చేతికిచ్చి, గోపాలపట్నం నుంచి వచ్చే విద్యార్థిని ఆ తెల్లవారుజామున తన ఇంట్లో ఏం జరిగిందో చెప్పమనండి. ఎప్పుడు మెలకువ వచ్చింది, ఎటు పరుగెత్తారు, ఆసుపత్రి చీటీ దాచారా, పశువులు పోతే ఎవరైనా రాసుకున్నారా. నష్టం, కారణం, సాక్ష్యం, పరిహారం, నాలుగు అధ్యాయాలూ ఆ మాటల్లోనే ఉన్నాయి. నేను చెప్పించి చూశాను. ఇంగ్లండు జలాశయం ఆ తర్వాత ఎవరికీ మర్చిపోయే అవకాశం లేకపోయింది. సిలబస్‌లో ఒక్క అక్షరం మార్చాల్సిన పనీ పడలేదు.

చెప్పమన్నప్పుడు వాళ్లు తెలుగులో చెప్పారు. భాష గొడవ ఇక్కడ మొదలవుతుంది. దాన్ని మనం ఎప్పుడూ ఇంగ్లీషు కావాలా తెలుగు కావాలా అన్న పందెంగానే చూస్తాం. బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ఉత్తర్వులు 2019లో వచ్చాయి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది, వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ రభసలో జరిగిన ఒక మంచి పనిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ అదే పాఠం ఇంగ్లీషులో ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. నా లెక్కలో గత పదేళ్లలో మన బడి పుస్తకాలకు జరిగిన అసలైన సంస్కరణ అదే. అలాంటి పుస్తకం లా కాలేజీకి ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. జాతీయ విద్యావిధానం 2020 కూడా, న్యాయవిద్య ఇచ్చే రాష్ట్ర సంస్థలు ఇంగ్లీషులోనూ ఆ రాష్ట్ర భాషలోనూ బోధించడాన్ని పరిశీలించాలని చెబుతోంది.

ఎందుకు రావాలంటే, హైకోర్టు, సుప్రీంకోర్టు వ్యవహారమంతా 348వ అధికరణం ప్రకారం ఇంగ్లీషులో నడుస్తుంది, కానీ కక్షిదారుడి కష్టం తెలుగులో వస్తుంది. "మా చిన్నాన్న గట్టు జరిపేశాడు" అని వచ్చినవాడి మాటను దావాగా మార్చడమే జూనియర్ లాయరు మొదటి ఉద్యోగం. ఎల్ఎల్‌బీ పట్టా పుచ్చుకున్న కుర్రవాడిని నాలుగు హద్దులతో ఒక క్రయ దస్తావేజు తెలుగులో రాయమనండి, చెమటలు పడతాయి. రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టు కింద కూర్చున్న దస్తావేజు లేఖరి మాత్రం తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని అలవోకగా రాసేస్తాడు. "నేటి నుంచి సదరు స్థిరాస్తిని తమరు పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించగలవారు" అనే పాత వాక్యాన్ని ఎక్కడ ఉంచాలో ఎక్కడ తీసేయాలో ఆయనకు తెలుసు. లా కాలేజీలకు నాదొక సలహా: ముప్పై అభ్యాసాల్లో పదింటికి ఆయన్ని పిలిచి పాఠం చెప్పించండి. గౌరవ వేతనం ఇవ్వండి, కుర్చీ వేయండి. నిబంధనలు అడ్డు రావు.

ఇదంతా విని అధ్యాపకులు ఒక మాట అంటారు. అందులో న్యాయం ఉంది కాబట్టి దాటవేయను. కథలాంటి ప్రశ్న ఇస్తే దిద్దడం కష్టం. "నిర్వచించి, లక్షణాలు వివరించుము" అంటే జవాబులో ఐదు పాయింట్లు ఉన్నాయా లేదా చూసి మార్కులు వేయవచ్చు. ఇద్దరు దిద్దినా తేడా రాదు, విద్యార్థి కోర్టుకెక్కే ప్రమాదం లేదు. పేపరు దిద్దేవాడికి ఒక్కో జవాబు పత్రానికి దక్కేది కొద్ది నిమిషాలు, చాలీచాలని రుసుము. ఆలోచన పరీక్షించాలంటే దిద్దేవాడికి కూడా ఆలోచించే సమయం ఇవ్వాలి. సంస్కరణ కమిటీల నివేదికల్లో పుస్తకాల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, మూల్యాంకన శిబిరం గురించి ఒక పేరా ఉండదు. డబ్బు అక్కడ పెట్టాలి.

ఆ మధ్య ఒక విశ్వవిద్యాలయం నన్ను ఆస్తి బదిలీ చట్టం ప్రశ్నపత్రం తయారు చేయమంది. నాలుగు సమస్యా ప్రశ్నలు ఇచ్చాను. తిరిగి చూసేసరికి మూడు, "లీజును నిర్వచించి దాని లక్షణాలు వివరించుము" తరహాలోకి మారిపోయాయి. ఒకటి మిగిలింది. ఎంవీపీ కాలనీలో అద్దెకున్న కుటుంబం వెంటనే ఖాళీ చేసి వెళ్తానంటే, నోటీసు ఇవ్వలేదంటూ ఇంటి యజమాని మూడు నెలల అడ్వాన్సు తిరిగి ఇవ్వనంటున్నాడు. అద్దెకున్నవారికి సలహా ఇవ్వండి.

ఆ జవాబు పత్రాల్లో కొన్ని నా దగ్గరికే దిద్దడానికి వచ్చాయి. చాలామంది మొదటి పేజీ నిండా లీజు నిర్వచనం రాశారు. కొందరు 106వ సెక్షన్ కింద నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు అని రాశారు, అది సరైన జవాబు. ఒక పత్రంలో మాత్రం సెక్షన్ అంకె లేదు, నిర్వచనం లేదు. వంకర చేతిరాతతో, సగం తెలుగు సగం ఇంగ్లీషులో ఇలా మొదలైంది: "ముందు ఆ అగ్రిమెంటు తీసుకురమ్మని చెబుతాను. పదకొండు నెలలకా, ఎక్కువకా, రిజిస్టరు చేశారా, నోటీసు గురించి అందులో ఏం రాసుకున్నారో చూడకుండా సలహా ఇవ్వలేను."

మార్కుల పంపిణీ పత్రం తీసి చూశాను. నిర్వచనానికి మూడు, సెక్షన్‌కు మూడు, ముగింపుకు రెండు. కాగితం తీసుకురమ్మన్నందుకు ఏమీ లేదు. పక్క బల్ల మీద ఇంకా అరవై పత్రాలున్నాయి, మధ్యాహ్నానికి అప్పగించాలి. ఆరు వేసి, మార్జినులో కారణం రాసి సంతకం పెట్టాను.